దిద్దమనకండి, చూపించమనండి

దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను, ఇప్పుడు కథలు రాసుకుంటున్నాను. ఎదుటివాళ్ల కాపీలో తప్పు ఇట్టే దొరుకుతుంది. మన కాపీలో మాత్రం రాసింది కాక, రాశామనుకున్నది కనిపిస్తుంది. అందుకే చాట్‌జీపీటీనో జెమినీనో, అంటే రాసి అడిగితే జవాబిచ్చే ఏఐ యంత్రాన్ని, ప్రూఫ్ రీడరుగా పెట్టుకున్నాను. అంతకుమించి ఉద్యోగం ఇవ్వలేదు.

'ఈ కథను మెరుగుపరచు' అని ఎప్పుడూ అడగకండి. 'అమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసింది' అని మీరు రాస్తే, 'తల్లి ఉదయాన్నే ఇంటి ప్రాంగణాన్ని శుభ్రపరిచి అందమైన ముగ్గుతో అలంకరించింది' అని తిరిగొస్తుంది. వ్యాకరణం నిక్షేపంగా ఉంటుంది, చదవబుద్ధి కాదు.

నేను ఇచ్చే ఆదేశం ఇది: 'ఏ వాక్యాన్నీ తిరగరాయవద్దు. అక్షరదోషాలు, కర్తకూ క్రియకూ పొంతన కుదరని చోట్లు, దగ్గర దగ్గరగా రెండుసార్లు పడిన మాటలు, అర్థం కాని వాక్యాలు వరుసగా చూపించు. ఎందుకు తప్పో ఒక్క ముక్కలో చెప్పు. సంభాషణల్లో మాండలికాన్ని ముట్టుకోవద్దు.' ఆ చివరి మాట మరిచిపోతే విజయనగరం పాత్ర 'ఎల్లిపోనాడు' అన్నా, వరంగల్ పాత్ర 'పోయిండు' అన్నా, రెంటినీ 'వెళ్లిపోయాడు' చేసి కూర్చుంటుంది.

కథ మొత్తం ఒకేసారి పోయకండి. ఈ యంత్రాలు రాతను టోకెన్లనే చిన్న ముక్కలుగా చేసుకుని చదువుతాయి. అదే విషయానికి ఇంగ్లీషుకన్నా తెలుగుకు ఎక్కువ టోకెన్లు పడతాయి. పెద్ద కథ ఇస్తే చివరి పేజీల పరిశీలన పలచబడుతుంది. రెండు మూడు పేజీల చొప్పున ఇవ్వండి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్ల ఫైలైతే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి మార్చుకోవాలి. మార్చకుండా అతికిస్తే దానికి కనిపించేది తెలుగు కాదు, అర్థం లేని గుర్తుల వరుస.

అది చెప్పిన ప్రతి తప్పూ తప్పు కాదు. సరైన మాటను కూడా ధీమాగా తప్పంటుంది. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులోని నిఘంటువులు చూడండి. సామెత అడిగితే మన ఊళ్లలో ఎవరూ అనని సామెతను పుట్టించి ఇవ్వగలదు. ఆ సహాయం వద్దు.

నాకు అసలు పనికొచ్చేది దాన్ని పాఠకుడిగా వాడుకోవడం. బాగుందా అని అడిగితే అద్భుతమంటుంది, ఆ మెప్పు ఎందుకూ కొరగాదు. 'అన్న పొలం ఎందుకు అమ్మాడు?' అని అడగండి. కూతురి చదువు కోసం అమ్మాడని మీ ఉద్దేశం, అప్పులు తీర్చడానికని దాని జవాబు. అప్పుడు దానితో వాదించకుండా, ఆ కారణం కథలో ఎక్కడ చెప్పారో వెతకండి. చాలాసార్లు అది ఏ వర్ణన మధ్యనో ఒక్క వాక్యంగా నలిగి ఉంటుంది. దాన్ని పైకి తీసుకురావడం మీ పని, మీ మాటల్లోనే. ఇంకో ప్రశ్న: 'ఏ పేరా తీసేస్తే కథకు నష్టం లేదు?' తరచూ మనకు బాగా ఇష్టమైన పేరానే చూపిస్తుంది. తీసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే సగం సార్లు ఉంచేస్తాను.

ఇంకా అచ్చుకాని రాత కాబట్టి ఒక జాగ్రత్త. చాట్‌జీపీటీ సెట్టింగుల్లో డేటాకు సంబంధించిన చోట, మీ సంభాషణలను మోడల్ శిక్షణకు, అంటే ఆ యంత్రానికి నేర్పడానికి, వాడుకోకుండా ఆపే మీట ఉంది. అది ఆపాకే కథ అతికించండి. ఇతరులు చదివిపెట్టమని ఇచ్చిన రాతప్రతి అయితే వాళ్లను అడగకుండా అసలు పెట్టకండి.