సాకెట్ చెడిపోయినప్పుడు: ఎంతవరకు మనం చూడవచ్చు, ఎక్కడ ఆగాలి

మార్చి నెల రాగానే అటక మీది కూలరును దింపి, కొత్త గడ్డి పెట్టి, నీళ్లు పోసి ప్లగ్గు గుచ్చేసరికి, ఆరేడు నెలలుగా ఎవరూ వాడని సాకెట్ చిటపటమనడమో, అసలు కరెంటే అందించకపోవడమో హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లోని ఇళ్లలో తరచుగా జరుగుతుంది. అప్పుడు చాలామంది ప్లగ్గును అటూ ఇటూ కదిలిస్తారు. ఒక మూలకు ఒత్తితే కూలరు తిరుగుతుంది కనుక, ప్లగ్గు కింద మడిచిన అట్టముక్క దోపి ఊరుకుంటారు. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లోనూ అలాగే చేశాము. మూడో వారానికి ప్లేటు గోధుమ రంగుకు తిరిగింది, విప్పించి చూస్తే కరెంటును తెచ్చే ఫేజు వైరు పైపొర అంగుళం మేర బొగ్గయి ఉంది. అప్పటి నుంచి పాటిస్తున్న క్రమాన్ని, దాని వెనుక ఉన్న కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

కాలిన వాసన, నల్లబడిన రంధ్రం, కరిగిన అంచు, చిటపట శబ్దం, వేడెక్కిన ప్లేటు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది పరీక్షలు చేసే సమయం కాదు. ఆ సాకెట్ స్విచ్చును గానీ ప్లగ్గును గానీ ముట్టకుండా, ఇంటి స్విచ్చులన్నీ ఒకచోట ఉండే డీబీ బాక్సు దగ్గరకు వెళ్లి, ఆ సాకెట్ లైనుకు ఉన్న ఎంసీబీని (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చును), అది ఏదో తెలియకపోతే మెయిన్‌నే దించేయాలి. మంట కనిపిస్తే నీళ్లు పోయకూడదు. మెయిన్ ఆపి, అందరినీ బయటకు పంపి, 101కు ఫోన్ చేయాలి.

ఎంసీబీ ఉంది కదా, ప్రమాదమైతే అదే పడిపోతుంది కదా అనే నమ్మకం ఇక్కడ పనికిరాదు. ఎంసీబీ పరిమితిని మించిన కరెంటును, షార్టు సర్క్యూట్‌ను పట్టుకుంటుంది తప్ప, లూజు కాంటాక్టును పట్టుకోలేదు. లూజైన స్క్రూ దగ్గర అర ఓము నిరోధం ఏర్పడిందని అనుకుందాం. ఆ దారిలో 10 ఆంపియర్లు ప్రవహిస్తే, ఆ ఒక్క చుక్క దగ్గరే 50 వాట్ల వేడి పుడుతుంది. అది అతుకులు పెట్టే సోల్డరింగ్ ఐరన్ వేడితో సమానం. ఆ వేడి గోడలోని డబ్బా లోపల గంటల తరబడి ఉన్నా, 16 ఆంపియర్ల ఎంసీబీకి 10 ఆంపియర్లు మామూలు సంగతి కాబట్టి అది కదలదు. కనుక వేడిని మనం గమనించాలి, మన కోసం గమనించే పరికరం అక్కడ లేదు.

ఇటువంటి లక్షణాలేవీ లేకుండా సాకెట్ ఊరికే పని చేయడం లేదంటే, ముందు తప్పు సాకెట్‌దేనా అని తేల్చుకోవాలి. ఆ పరికరాన్ని వేరే గదిలో పెట్టి చూసి, మంచిదని తెలిసిన మరో చిన్న పరికరాన్ని ఇక్కడ పెట్టి చూస్తే, సగం సందేహం అక్కడే తీరుతుంది. తరువాత ఆగిపోయింది ఈ ఒక్క సాకెట్టేనా, బోర్డు మొత్తమా, గది మొత్తమా అని చూడాలి. ఇంట్లో కొన్ని బల్బులు మరీ తెల్లగా మండిపోతూ, ఫ్యాన్లు విపరీతమైన వేగంతో తిరుగుతుంటే లోపం సాకెట్‌లో లేదు. స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగిందని అనుమానించాలి. అటువంటప్పుడు 230 వోల్టులు రావలసిన చోట 300 దాటి 400 వరకు కూడా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫిర్యాదు చేయడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు.

ఎంసీబీ పడిపోయి ఉంటే, ఆ లైనులోని ప్లగ్గులన్నీ తీసి ఒక్కసారి మాత్రమే ఎత్తాలి. మళ్లీ పడితే వైరింగులోనే లోపం ఉన్నట్టు, ఇంకోసారి ఎత్తకూడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) ఉన్న ఇళ్లలో, అది పడినప్పుడు అన్నీ తీసేసి ఒక్కొక్కటిగా పెడుతూ పోతే, ఏ పరికరం దగ్గర పడుతుందో ఆ పరికరంలో లీకేజీ ఉందని తెలుస్తుంది. ఏదీ పెట్టకుండానే పడుతుంటే గోడలో చెమ్మ చేరిందేమో ఎలక్ట్రీషియన్ చూడాలి.

ఇక టెస్టర్ సంగతి. మన దగ్గర వాడే సాకెట్‌లో పైన పెద్ద రంధ్రం ఎర్తు, ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. స్విచ్ వేసినా ఏ రంధ్రంలోనూ టెస్టర్ వెలగకపోతే ఫేజు రావడం లేదు. స్విచ్ పాడై ఉండవచ్చు, వైరు ఊడి ఉండవచ్చు. కుడివైపు వెలుగుతున్నా ఏ పరికరమూ పని చేయకపోతే న్యూట్రల్ ఊడిందో, లోపలి రేకులు వదులయ్యాయో అయి ఉంటుంది. రెండు రంధ్రాల్లోనూ వెలిగితే దాదాపు ఎప్పుడూ న్యూట్రల్ తెగినట్టే, ఎందుకంటే అదే లైనులో ఉన్న మరో పరికరం గుండా ఫేజు తిరిగి వస్తోంది. పై రంధ్రంలో, అంటే ఎర్తులో వెలిగితే మెయిన్ ఆపి, ఇంట్లో ఇనుప బాడీ ఉన్న కూలరు, ఫ్రిజ్, వాషింగ్ మిషన్ దేనినీ ముట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

అయితే టెస్టర్ వెలగకపోవడాన్ని కరెంటు లేనట్టుగా నమ్మకూడదు. మన శరీరం గుండా పోయే అతి స్వల్పమైన కరెంటుతో ఆ నియాన్ దీపం వెలుగుతుంది కాబట్టి, ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడినా, పట్టపగటి వెలుతురులో చూసినా అది కనిపించకపోవచ్చు. అందుకని బోర్డు విప్పదలచిన వారు ఆ లైను ఎంసీబీ ఆపాక, టెస్టర్‌ను మొదట కరెంటున్న మరో సాకెట్‌లో వెలిగించి చూసి, తరువాత ఆపిన సాకెట్‌లోని మూడు రంధ్రాల్లోనూ పెట్టి, మళ్లీ మొదటి చోట వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఆ తరువాతే మెయిన్ కూడా ఆపాలి. ఒకే పోల్ ఉన్న ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది. ఎప్పుడో ఎవరో ఫేజునూ న్యూట్రల్‌నూ తారుమారు చేసి ఉంటే అది ఆగినా బోర్డులో కరెంటు ఉంటుంది. రెండు పోల్స్ ఉన్న మెయిన్ రెండింటినీ తెంపుతుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపడం సరిపోదు. మెయిన్ ఆగిన మరుక్షణం ఇన్వర్టర్ అదే 230 వోల్టులను లైట్లకు, ఫ్యాన్లకు పంపుతుంది, ఆ వైర్లు మీరు విప్పబోయే బోర్డులోనే, ఆగిపోయిన వైర్ల పక్కనే ఉంటాయి. ఇన్వర్టర్ ముందు ప్యానెల్ మీది స్విచ్ కూడా ఆపి, బోర్డులోని ప్రతి స్క్రూనూ టెస్టర్‌తో ముట్టి చూసిన తరువాతే చేయి పెట్టాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలరంటే ఇదే గుర్తుంచుకోండి.

విప్పిన తరువాత కేవలం స్క్రూ వదులై, వైరు శుభ్రంగా ఉంటే, బిగించి మూసేయవచ్చు. వైరు రాగి నల్లబడినా, పైపొర పెళుసుగా రాలుతున్నా, ఆ భాగం కత్తిరించి కొత్త సాకెట్ పెట్టించాలి. ఇది చేతి అలవాటు లేనివారు చేసే పని కాదని నా అభిప్రాయం. లోపం ఎక్కడుందో చెప్పగలిగితే ఎలక్ట్రీషియన్ పని అరగంటలో అయిపోతుంది. కొత్తది తెచ్చేటప్పుడు దాని మీద ఏం పెడతారో ముందు చూడండి. చలికాలంలో నీళ్లు కాగబెట్టే 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, అంటే 6 ఆంపియర్ల సాకెట్‌కు అది ఎక్కువే. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వాటికి 16 ఆంపియర్ల సాకెట్, దాని వెనుక కనీసం 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు ఉండాలి. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌లో పెట్టే కన్వర్టర్ ఈ లెక్కను మార్చదు.

మట్టెవాడ, గిర్మాజీపేట వంటి పాత వాడల్లో చెక్క బద్దీల మీద వైరింగు మిగిలి ఉన్న ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ కనిపించినా పై రంధ్రం వెనుక వైరే లేకపోవచ్చు. కొందరు దానికి న్యూట్రల్‌తో లింకు వేసి ఎర్తింగ్ ఇచ్చామంటారు. ఆ న్యూట్రల్ ఎప్పుడైనా ఊడితే కూలరు బాడీ మొత్తానికి ఫేజు వస్తుంది, కాబట్టి అటువంటి లింకును తీయించి విడిగా ఎర్తు గుంత తీయించుకోవాలి. ఎర్తు గుంత ఉన్నవారు కూడా మే నెలలో మట్టి ఎండి ఎర్తింగ్ బలహీనపడుతుంది కనుక అప్పుడప్పుడు అందులో నీళ్లు పోస్తుండాలి.

2023 జూలై చివరి వానలకు వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినట్టు ఎప్పుడైనా వస్తే, మునిగిన సాకెట్లను ఎండబెట్టి వాడకూడదు. బురద లోపలే ఉండిపోయి లీకేజీకి దారి ఇస్తుంది; వాటిని మార్చి, వైర్లను మెగ్గర్‌తో (వైరు పైపొర నుంచి లీకేజీ ఉందేమో కొలిచే పరికరంతో) పరీక్షించిన తరువాతే మెయిన్ వేయించాలి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే చేయి పట్టి లాగవద్దు. ముందు మెయిన్ ఆపాలి, అది దూరంగా ఉంటే పొడి కర్రతో నెట్టి విడిపించాలి, 108కు ఫోన్ చేయాలి, ఊపిరి ఆడకపోతే వెంటనే గుండె మీద ఒత్తడం మొదలుపెట్టాలి.

సాకెట్ మార్చిన తరువాత దాని మీద నడిచే పరికరాన్ని అరగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పిన్నులను ముట్టకుండా ప్లగ్గు వెనుక భాగాన్ని, సాకెట్ ప్లేటును వేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు నిలవనంత వేడిగా ఉంటే ఎక్కడో స్క్రూ ఇంకా వదులుగా ఉన్నట్టే, దానిని సరి చేసేదాకా ఆ ఎంసీబీని దించే ఉంచండి.