‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’: ఏ ఎడిషన్ కొనాలి, ఎలా పరీక్షించాలి

అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణాన్ని వెలికితీసిన వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్‌ల పరిశోధనను 1976లో తెరకెక్కించిన ఈ సినిమా వీహెచ్ఎస్ నుంచి బ్లూరే వరకు పలు రూపాల్లో విడుదలైంది. సేకరణ కోసం కొనేవారు సాధారణంగా పెట్టె అందాన్నో, ఆ కాపీ ఎంత అరుదుగా దొరుకుతుందన్నదో చూస్తారు. ఈ సినిమా విషయంలో మాత్రం ముందుగా రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ ఎడిషన్ ఏ సంవత్సరంలో వచ్చింది, అందులోని డిస్కు చీకటి దృశ్యాలను ఎంత బాగా చూపిస్తుంది.

సంవత్సరం ఎందుకు ముఖ్యమంటే, సినిమా విడుదలైన తరువాత కూడా దాని వెనుక ఉన్న చరిత్ర ఆగలేదు. విలేకరులకు రహస్యంగా సమాచారం అందించిన ‘డీప్ త్రోట్’ (సినిమాలో ఆ పాత్ర హాల్ హోల్‌బ్రూక్ పోషించారు) అసలు ఎవరన్నది దాదాపు మూడు దశాబ్దాలు రహస్యంగానే ఉండి, ఎఫ్‌బీఐలో ఒకప్పుడు రెండవ స్థానంలో పనిచేసిన మార్క్ ఫెల్ట్ తానే ఆ వ్యక్తినని ఒప్పుకోవడంతో 2005 మే నెలలో బయటపడింది. అంతకుముందు వచ్చిన టేపులకు, లేజర్ డిస్కులకు, తొలి డీవీడీకి ఆ సంగతి తెలియదు. 2006లో వచ్చిన రెండు డిస్కుల డీవీడీలో ఫెల్ట్ గురించిన ప్రత్యేక చిత్రంతోపాటు, వుడ్‌వర్డ్‌గా నటించిన రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ వ్యాఖ్యానం కూడా ఉంది. 2011లో పుస్తకం ఆకారంలో గట్టి అట్టతో వచ్చిన బ్లూరే డిజిబుక్ ఈ అనుబంధాలను తనలో చేర్చుకుంది. 2013 నాటి రెండు డిస్కుల బ్లూరేకు, ఆ కుంభకోణాన్ని నలభై ఏళ్ల తరువాత తిరిగి పరిశీలించిన ఒక పూర్తి నిడివి డాక్యుమెంటరీ తోడైంది. చూడటానికి ఒక్కటే కొనదలిస్తే 2013 ఎడిషన్, అలమరలో చేతికి అందే పుస్తకంలా ఉండాలనుకుంటే డిజిబుక్ తీసుకోవాలని నా అభిప్రాయం.

ఇక చిత్ర నాణ్యత. ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ ఈ సినిమాను రెండు వెలుగుల మధ్య నడిపించారు. బర్బ్యాంక్‌లోని స్టూడియోలో సెట్టు వేసి తీసిన పత్రికా కార్యాలయం ట్యూబ్‌లైట్ల కాంతిలో మూలమూలా స్పష్టంగా కనిపిస్తుంది. రహస్య సమావేశాలు జరిగే సెల్లార్ పార్కింగ్‌లో మాత్రం ముఖంలో సగం కూడా కనిపించదు. డేటాను మితిమీరి కుదించిన డిస్కులో ఆ నలుపు గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. టీవీ బ్రైట్‌నెస్ పెంచి చూస్తే నలుపు బూడిద రంగులోకి మారి, దర్శకుడు అలన్ జె. పకులా కోరుకున్న భయం కాస్తా ఆవిరైపోతుంది కాబట్టి, గది దీపాలు ఆర్పి, టీవీని సినిమా మోడ్‌లో పెట్టి పరీక్షించాలి.

రెండవ పరీక్షకు వుడ్‌వర్డ్ సుదీర్ఘంగా ఫోన్‌లో మాట్లాడే దృశ్యాన్ని ఎంచుకోండి. కట్ లేకుండా సాగే ఆ షాట్‌లో కెమెరా నెమ్మదిగా అతని ముఖం వైపు జరుగుతూ ఉంటుంది. లెన్సు ముందు సగం భాగానికి మాత్రమే అమర్చిన అదనపు గాజు వల్ల, దగ్గర ఉన్న అతని ముఖమూ, వెనుక దూరంగా టీవీ చుట్టూ చేరిన ఉద్యోగులూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తారు. ఆ రెంటి మధ్య నిలువుగా ఒక మసక పట్టీ ఉంటుంది. అది డిస్కు లోపం కాదు. మంచి ముద్రణలో ఆ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా కంటికి తెలుస్తుంది. వెనుక నిలబడినవారు చుక్కల ముద్దలుగా కనిపిస్తే ఆ కాపీని వదులుకోవడమే మేలు.

యూరప్‌లో అమ్ముడైన పాల్ (PAL అనే అక్కడి టీవీ ప్రమాణం) డీవీడీలు సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా నడిపిస్తాయి కనుక, 138 నిమిషాల ఈ చిత్రం వాటిలో సుమారు 132 నిమిషాలకే ముగుస్తుంది. అట్ట వెనుక రాసిన నిడివిని చూస్తే ఈ తేడా వెంటనే దొరుకుతుంది. అమెరికన్ బ్లూరేలు రీజియన్ ‘ఏ’కి (అమెరికా వంటి కొన్ని దేశాల ప్లేయర్లలో మాత్రమే ఆడేలా పెట్టిన గుర్తుకు) చెందినవి కావచ్చు కాబట్టి, మీ ప్లేయర్ ఏ రీజియన్ డిస్కులు ఆడుతుందో కొనకముందే నిర్ధారించుకోవాలి.

వాడిన కాపీ కొనేటప్పుడు అమ్మేవారిని మూడు ఫొటోలు అడగండి: వెన్ను భాగం, డిస్కును పట్టి ఉంచే బొడిపె, డిస్కు అడుగు భాగం. డిజిబుక్‌లో ముందుగా దెబ్బతినేది వెన్నే. మూతను వెనక్కి విరిచి తెరిచిన కాపీల్లో లోపలి కాగితాల అతుకు వదిలి, పేజీలు కదులుతూ ఉంటాయి. డిస్కు తీసేటప్పుడు అంచు పట్టి లాగితే వంగి పగుళ్లు రావచ్చు. బొడిపె మధ్యలో వేలితో నొక్కి, పట్టు సడలాక పైకెత్తాలి. సీలు విప్పని కాపీలపై మోజు నాకు అర్థమవుతుంది, అయినా లోపల డిస్కు ఊడి గీతలు పడి ఉంటే ఆ సీలు మీకు ఏ రక్షణా ఇవ్వదు.

కాపీ చేతికి రాగానే, వాపసు గడువు ముగియకముందే సెల్లార్ దృశ్యాన్ని, ఫోన్ దృశ్యాన్ని చూసి, ఆపై సినిమా చివరి పది నిమిషాలు నడిపించండి. ఒకే పొర ఉన్న బ్లూరేలో డేటా లోపలి అంచు నుంచి బయటి అంచుకు సాగుతుంది కాబట్టి, డిస్కు నిండా సినిమా ఉంటే చేతివేళ్లు తగిలి పాడైన బయటి అంచు ఇబ్బందులు అక్కడే బయటపడవచ్చు; రెండు పొరల డిస్కులో రెండవ పొర తిరిగి లోపలికి సాగుతుంది కాబట్టి, సినిమా మధ్య భాగాన్ని కూడా కాస్త చూడండి.