విండోస్ 11కి మారేముందు: ఇంట్లో షేర్డ్ ఫోల్డర్లు ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మాది పెళ్లి ఆల్బమ్‌ల పని. ఇంట్లోనే చేసుకుంటాం. హాల్లో ఉన్న డెస్క్‌టాప్‌లోనే ఫొటోలన్నీ ఉంటాయి. లోపలి గదిలో ఎడిటింగ్ సిస్టమ్, మా ఆవిడ దగ్గర ల్యాప్‌టాప్. ఆ రెండూ హాల్లోని షేర్డ్ ఫోల్డర్ మీద ఆధారపడే నడుస్తాయి. రౌటర్ పక్కన పాత నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కి తగిలించే హార్డ్‌డిస్క్ పెట్టె) ఒకటుంది, పాత సంవత్సరాల పెళ్లిళ్లన్నీ అందులో. ట్యూషన్లు చెప్పేవాళ్ల ఇళ్లలో, ఇంటి దగ్గరే అకౌంట్స్ రాసేవాళ్ల ఇళ్లలో కూడా దాదాపు ఇదే ఏర్పాటు చూస్తుంటాను.

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కాబట్టి ఇవాళ కాకపోతే రేపైనా మారాలి. మారిన రోజు సాయంత్రానికల్లా నాకు ఫోన్లు వస్తాయి: "అన్నా, నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు ఫోల్డర్ ఓపెన్ కావట్లేదు." ఓపెన్ కాకపోతే ఒక రోజు పని ఆగుతుంది, అంతే. ఎలాగైనా ఓపెన్ చేయాలన్న టెన్షన్‌లో మనం చేసే పనులే అసలు నష్టం తెస్తాయి. మా ఇంట్లో అదే జరిగింది. మీ ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఏ రోజు మారాలో చూసుకోండి. పని గడువు నెత్తిమీద ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ జోలికి వెళ్లొద్దు. మా పనివాళ్లకైతే ముహూర్తాలు లేని ఆషాఢం, పుష్యం అనుకూలం. నేను మాఘంలో, రెండు ఆల్బమ్‌లు ప్రింటింగ్‌కి వెళ్లాల్సిన వారంలో మొదలుపెట్టాను. మీ పనిలో ఖాళీ ఎప్పుడో మీకే తెలుస్తుంది, కనీసం రెండు పూర్తి రోజులు వదిలిపెట్టుకోండి.

తర్వాత బ్యాకప్. షేర్డ్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసేసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్క్‌ని బ్యాకప్ అనుకోకండి. ఒక పొరపాటు రెండుచోట్లా ఒకేసారి జరగొచ్చు. కాపీ అయ్యాక ఏదో నాలుగు ఫైళ్లు ఆ డిస్క్ నుంచే తెరిచి చూడండి. డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా తెరుచుకోని తాళం, ఉందేమో కూడా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

అన్నీ పనిచేస్తున్నప్పుడే రాసుకోవాల్సిన కాగితం

పాడయ్యాక ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఏ యూజర్‌నేమ్‌తో లాగినయ్యామో, ఫోల్డర్‌కి ఏ పేరు పెట్టామో ఎప్పుడో మూడేళ్ల కిందటి మాట. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడే, ఒక కాగితం తీసుకోండి.

ఫోల్డర్లు ఉన్న కంప్యూటర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద షేర్స్ నొక్కితే ఏ ఫోల్డర్ ఏ పేరుతో షేర్ అయిందో వరుసగా కనపడుతుంది. డాలర్ గుర్తుతో ముగిసేవి విండోస్ సొంతానికి పెట్టుకున్నవి, వాటిని వదిలేయండి. మిగతావి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక్కో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ ఒక ఫొటో, సెక్యూరిటీ ట్యాబ్ ఒక ఫొటో. ఈ రెండింట్లో ఏది తక్కువ అనుమతి ఇస్తే నెట్‌వర్క్‌లో అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చినా సెక్యూరిటీలో రీడ్ మాత్రమే ఉంటే సేవ్ కాదు. చాలామంది ఒక ట్యాబ్ మార్చి, రెండోది చూడకుండా తల పట్టుకుంటారు.

కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో కొడితే వచ్చే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు, రాసుకోండి. కంప్యూటర్ పేరు కూడా. తర్వాత ప్రతి కంప్యూటర్ దగ్గర కూర్చుని ఫోల్డర్ తెరవండి, ఒక చిన్న ఫైల్ సేవ్ చేయండి, దాన్నే డిలీట్ చేయండి. ఎవరు ఏం చేయగలుగుతున్నారో రాయండి. టీవీ, స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్‌లో వేసే ప్రింటర్ ఉంటే వాటిని కూడా మర్చిపోవద్దు. మా కాగితం ఇప్పుడు బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది: నీలం ఇంకుతో మూడు సిస్టమ్‌ల పేర్లు, పక్కన ఐపీలు, కింద షేర్ పేర్లు, దేనికి ఎవరికి మార్చే అనుమతి ఉందో ఒక టిక్కు. పాస్‌వర్డ్ మాత్రం దానిమీద లేదు, అది వేరే చోట.

అకౌంట్ విషయం కూడా ముందే తేల్చుకోండి. రోజూ నాలుగు అంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్తాం కాబట్టి పక్క కంప్యూటర్ అడిగినప్పుడూ అదే పిన్ కొడతాం. నెట్‌వర్క్‌లో పిన్ చెల్లదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని కూడా విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. అందరికీ నేను చెప్పేది ఒకటే: ఫోల్డర్లున్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని, అంటే ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉండే యూజర్‌ని, చేయండి. పేరు చిన్నగా, ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. దానికి మంచి పాస్‌వర్డ్. అడ్మిన్ హక్కులు ఇవ్వొద్దు. మిగతా కంప్యూటర్లన్నీ ఆ యూజర్‌తోనే లాగినవ్వాలి. అప్‌గ్రేడ్‌కి ముందే ఇలా మార్చి వారం రోజులు వాడి చూస్తే సగం సమస్యలు అసలు రావు.

పాత డిస్క్ పెట్టెలు

విండోస్ 11 ప్రోలో, 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి రెండు నిబంధనలు గట్టిపడ్డాయి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుచుకునే షేర్లను అది ఒప్పుకోదు. రెండోది, ఫోల్డర్ షేరింగ్ నడిచే ఎస్ఎంబీ అనే పద్ధతిలో వచ్చే పోయే ప్రతి మాటకీ డిజిటల్ సంతకం ఉండాలంటుంది. పక్కింటివాళ్ల హోమ్ ఎడిషన్‌లో తెరుచుకునేది మీ ప్రోలో తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. రౌటర్ వెనక పెన్‌డ్రైవ్ గుచ్చి షేర్ చేసుకున్నవాళ్లు, ఏళ్ల కిందట కొన్న నాస్ పెట్టె ఉన్నవాళ్లు, పాత స్కానర్ ప్రింటర్ ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఈ పని అప్‌గ్రేడ్‌కి ముందే అవ్వాలి. నాస్ సెట్టింగుల పేజీ తెరిచి ఫర్మ్‌వేర్, అంటే ఆ పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయండి. గెస్ట్ తీసేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. ఎస్ఎంబీలో కొత్త వెర్షన్లయిన ఎస్ఎంబీ2, ఎస్ఎంబీ3 ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఆ పెట్టెకి బాగా పాతదైన ఎస్ఎంబీ1 ఒక్కటే వస్తే, దాంట్లో ఉన్నవి వేరే డిస్క్‌లోకి మార్చి దాన్ని విశ్రాంతికి పంపండి. విండోస్‌లో ఎస్ఎంబీ1ని మళ్లీ ఆన్ చేయమని సలహాలు దొరుకుతాయి, చేయకండి. 2017 మే నెలలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో వచ్చి ఉంది. వేసుకోనివాళ్లే నష్టపోయారు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. షాపుల్లో సమయం కలిసొస్తుందని ఒకే డిస్క్ ఇమేజ్‌ని, అంటే విండోస్ వేసిన డిస్క్‌కి అచ్చు నకలుని, రెండు మూడు సిస్టమ్‌లకు ఎక్కించి ఇస్తుంటారు. అప్పుడు వాటి లోపలి గుర్తింపు సంఖ్య, అంటే ఎస్ఐడీ, ఒకటే అయిపోతుంది. ఇన్నేళ్లూ దాంతో ఇబ్బంది కనపడలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వస్తున్న విండోస్ 11 అప్‌డేట్లు ఒకే ఎస్ఐడీ ఉన్న రెండు కంప్యూటర్లను ఒకదాంట్లోకి ఒకటి రానివ్వట్లేదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంది. మీ సిస్టమ్‌లు ఒకే షాపులో ఒకే రోజు తయారైనవైతే, ఎలా ఇన్‌స్టాల్ చేశారో ఆ కుర్రాణ్ని ముందే అడగండి. క్లోనింగ్, అంటే ఇలా నకలు ఎక్కించడం, చేశానంటే ఒకటి వదిలి మిగతావాటిలో విండోస్ కొత్తగా వేయించడమే దారి.

కొత్తగా వేయించినప్పుడు షేర్లు, యూజర్లు అన్నీ పోతాయని గుర్తుంచుకోండి. డి డ్రైవ్‌లో ఫైళ్లు ఉంటాయి, కానీ సెక్యూరిటీ ట్యాబ్‌లో పాత యూజర్ పేరున్న చోట పొడుగాటి అంకెల వరుస కనపడుతుంది. ఫోల్డర్ పాడైందని కంగారుపడొద్దు. ఆ పాత యూజర్ ఇప్పుడు లేడని దానర్థం. కొత్త యూజర్‌కి అనుమతి ఇస్తే సరిపోతుంది.

మారాక తెరుచుకోకపోతే

మొదట చేతులు కీబోర్డ్ మీద నుంచి తీసి, ఏం జరుగుతోందో చూడండి. కంప్యూటర్ అసలు కనపడట్లేదా, కనపడినా పాస్‌వర్డ్ ఒప్పుకోవట్లేదా, లోపలికి వెళ్లాక సేవ్ కావట్లేదా? మూడూ వేరు వేరు జబ్బులు.

కనపడకపోతే ముందు వైఫై చూడండి. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైకి అతుక్కుని ఉందేమో. గెస్ట్ వైఫై సాధారణంగా ఇంట్లో మిగతా కంప్యూటర్లను చూడనివ్వదు. ఫైబర్ కనెక్షన్‌వాళ్లు ఇచ్చిన పెట్టెకి వెనక ఇంకో రౌటర్ తగిలించినవాళ్లు రెండు కంప్యూటర్ల ఐపీలూ పోల్చాలి. ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తో మొదలైతే అవి ఒకే ఇంట్లో వేరే వేరే నెట్‌వర్క్‌ల్లో ఉన్నట్టు. రెండిటినీ ఒకే రౌటర్ కిందికి తీసుకురండి. తర్వాత సెట్టింగుల్లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో చూడండి. కొత్త విండోస్‌కి, కొత్త రౌటర్‌కి మారాక పబ్లిక్ అయి ఉండటం నేను ఎక్కువగా చూసిన కారణం. ఇంటి నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే, నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటిని కాపలా కాసే ఫైర్‌వాల్ తనంతట తానే దారి ఇస్తుంది.

అయినా పేరుతో రాకపోతే, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్స్‌లో \\192.168.1.10 అన్నట్టు మీ ఐపీ కొట్టండి. అలా తెరుచుకుందంటే ఫోల్డర్‌కి ఏ రోగమూ లేదు, పేరు వెతకడంలోనే తేడా. ఫోల్డర్లున్న కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీస్‌ని ఆటోమేటిక్‌లో పెడితే చాలావరకు కుదురుతుంది. పింగ్‌కి, అంటే ఉన్నావా అని ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని అడిగే పిలుపుకి, జవాబు రాలేదని మాత్రం ఏ నిర్ణయానికీ రావొద్దు, ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి ఉండొచ్చు.

పాస్‌వర్డ్ దగ్గర ఆగితే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, ఆ కంప్యూటర్ పేరు మీద దాచి ఉన్న పాత పాస్‌వర్డ్ తీసేయండి. మళ్లీ అడిగినప్పుడు యూజర్‌నేమ్ ముందు కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి కొట్టండి. లోపలికి వెళ్లాక సేవ్ కాకపోతే, ముందు చెప్పిన షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లు రెండూ చూడండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసింది కాగితం మీద రాయండి. ఫలితం లేకపోతే వెనక్కి పెట్టేసి తర్వాతది చూడండి.

నేను అలా చేయలేదు. ఆ మాఘంలో రాత్రి పదకొండింటికి ఎర్రర్ చూసి చెమటలు పట్టాయి. ఫైర్‌వాల్ ఆపేశాను, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసేశాను, ఎవ్రీవన్ అన్న పేరుకి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాను. ఏది పనిచేసిందో తెలియదు కానీ ఫోల్డర్ తెరుచుకుంది. హాయిగా పడుకున్నాను. ఏదీ వెనక్కి పెట్టలేదు. వారం తర్వాత సెలవులకి వచ్చిన మా మేనల్లుడు తన ల్యాప్‌టాప్ మా వైఫైకి కలుపుకున్నాడు. "మావయ్యా, మీ ఫొటోలు డబుల్ డబుల్ ఉన్నాయి, కాపీ అని ఉన్నవి తీసేశా" అన్నాడు, సాయం చేశానన్న సంతోషంతో. ఆ కాపీ అన్న ఫోల్డర్‌లోనే మేము కలర్ సరిచేసిన ఫొటోలన్నీ ఉన్నాయి. రీసైకిల్ బిన్ తెరిచాను. ఖాళీ. వాడి ల్యాప్‌టాప్‌లో చూశాను, అక్కడా లేవు. నెట్‌వర్క్ మీదుగా డిలీట్ చేసినవి మామూలుగా ఏ బిన్‌లోకీ వెళ్లవు, శాశ్వతంగా పోతాయి. విండోస్ అడిగింది కూడా, వాడు ఎస్ నొక్కాడు. పిల్లవాణ్ని ఏమీ అనలేకపోయాను. తలుపు తెరిచి పెట్టింది నేను. అసలు ఫొటోలు కెమెరా కార్డుల్లో ఉండబట్టి, మా ఆవిడా నేనూ నాలుగు రాత్రులు కూర్చుని ఆ పనంతా మళ్లీ చేశాం.

అందుకే చెప్తున్నాను, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వొద్దు, పరీక్ష కోసమైనా సరే. చూస్తే చాలనుకున్నవాళ్లకి రీడ్ ఇవ్వండి. మార్చాల్సిన అవసరం ఉన్న ఒకరిద్దరికే మార్చే హక్కు ఇవ్వండి. పిల్లలకీ బంధువులకీ గెస్ట్ వైఫై ఇవ్వండి, వాళ్లకి కావాల్సింది ఇంటర్నెట్టే. రౌటర్‌లో 445 పోర్ట్‌ని, అంటే ఫోల్డర్ షేరింగ్ వాడే దారిని, బయటికి తెరవమని ఎవరైనా చెప్తే వినొద్దు, బయట ఊళ్లో ఉండి ఫోల్డర్ చూడాలనుకున్నా సరే.

అంతా కుదిరాక పాత కాగితం తీసి, దాంట్లో ఉన్న ప్రతి టిక్కునీ కొత్త విండోస్‌లో మళ్లీ పరీక్షించండి. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒకే ఐపీ వచ్చేలా రిజర్వ్ చేయండి, కరెంటు పోయి వచ్చినా మారదు. పవర్ సెట్టింగుల్లో స్లీప్ ఆపండి, నిద్రపోయిన కంప్యూటర్ ఫోల్డర్ ఇవ్వలేదు. రాత్రి రౌటర్‌తో సహా అన్నీ ఆపేసి, పొద్దున్నే ఆన్ చేసి, మూడు చోట్ల నుంచీ ఇంకోసారి తెరిచి చూడండి. బీరువాలో పెట్టిన బ్యాకప్ డిస్క్‌ని ఒక నెల దాకా చెరపకండి.