కొత్తగా కలిపిన టీమ్‌లో గొడవలు ఇలా తగ్గాయి

మా ఆఫీసులో టెస్టింగ్ వాళ్లనీ డెవలపర్లనీ కలిపి ఒకే టీమ్ చేశారు. మొదట్లో అందరూ మహా మర్యాదగా ఉన్నారు, పొద్దున మీటింగ్‌లో "అంతా ఓకే అండి" తప్ప ఇంకో మాట లేదు. ఆ తర్వాత మొదలైంది, బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) ఎవరి వల్ల వచ్చింది, రిలీజ్ ఎవరి వల్ల ఆగింది అని మేనేజర్‌ని సీసీలో పెట్టి మరీ వాదనలు. మళ్లీ విడగొట్టేద్దాం అన్నారు పైవాళ్లు. నేను వద్దన్నాను.

బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1965లోనే టీమ్ ఎదుగుదలకి నాలుగు దశలు చెప్పారు: కలవడం, ఘర్షణ, పద్ధతులు కుదరడం, పని సాఫీగా సాగడం. మేం రెండో దశలో ఉన్నాం, అంతే.

"ఎవరు చేశారు" అనే ప్రశ్న మానేసి "పని ఎక్కడ ఆగింది" అని అడగడం మొదలుపెట్టాం. కోడ్ రాయకముందే డెవలపర్, టెస్టర్ పక్కపక్కన కూర్చుని టెస్ట్ కేసులు (ఏమేం పరీక్షించి చూడాలో ఆ జాబితా) రాసుకునేవాళ్లు, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే, ఎందుకంటే ఎదుటివాళ్ల పనిలో కష్టం ఏంటో అప్పుడే తెలిసింది. ఒకరోజు మా సీనియర్ అందరి ముందూ "ఈ మాడ్యూల్ నాకు అర్థం కాలేదు, ఎవరైనా చెప్పండి" అన్నారు. ఆ రోజు నుంచి జూనియర్లు కూడా భయం లేకుండా అడగసాగారు.

నియమాలు కూడా టీమ్‌లో వాళ్లే అందరూ కలిసి ఒక పేజీలో రాసుకున్నారు: ముందు మనిషితో మాట్లాడాలి, తర్వాతే మెయిల్. కొత్తవాళ్లు చేరితే గొడవలు మళ్లీ రావచ్చు, అప్పుడు ఆ పేజీ వాళ్లతో కలిసి మళ్లీ రాయండి.