పాత బండి ఫోర్కులు మార్చే ముందు

పాత ఆర్‌ఎక్స్ 100కో, బుల్లెట్‌కో బ్రేకు వేయగానే ముందుభాగం దబ్బున కిందికి దిగిపోతుంటే, చాలామంది వెంటనే వేరే బండి ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే, లోపల స్ప్రింగు, ఆయిల్ ఉండే రెండు గొట్టాల) కోసం స్క్రాప్ షాపుల చుట్టూ తిరుగుతారు. కాస్త ఆగండి. ఉన్న ఫోర్కుల్లో చిక్కటి ఆయిల్ పోసినా ఆ జబ్బు పూర్తిగా పోదు. ఆయిల్ ఊపును నెమ్మది చేస్తుంది, బరువు మోసేది స్ప్రింగే.

ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు పొడవు కొలవండి. తర్వాత మీరు బండెక్కి కూర్చుని ఇంకొకరితో కొలిపించండి. ఫోర్కు మొత్తం కదలికలో మూడో వంతుకు మించి దిగితే స్ప్రింగులు అలసిపోయినట్టే. కొత్తవి దొరికేదాకా స్ప్రింగు పైన 10-15 మి.మీ. పొడవున్న గట్టి పీవీసీ పైపు ముక్క, అటూ ఇటూ వాషర్లు పెట్టి బిగించండి. రెండు ఫోర్కుల్లోనూ ఒకే కొలత ఉండాలి. మరీ పొడవైతే గుంతలో పడినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి. పై మూత విప్పేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి, స్ప్రింగు ఎగిరి వస్తుంది (నాది ఓసారి సీలింగుకే తగిలింది).

ఇంకోటి, ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీలు మార్చే ముందు, ఆ సీలులో జారే ఫోర్కు లోపలి గొట్టం మీద గోరుతో గీసి చూడండి. గోటికి తుప్పు గుంట తగిలితే కొత్త సీలు కూడా త్వరలోనే కారుతుంది.