కోర్ ఫ్లడ్‌లో సర్ఫాక్టెంట్ కలిపిన కార్బొనేటెడ్ వాటర్ ఎక్కించడం ఎలా

వాటర్ ఫ్లడింగ్ (ఆయిల్‌ని తోయడానికి భూమి లోపలికి నీళ్లు ఎక్కించడం) అయిపోయాక కూడా చాలా ఆయిల్ రిజర్వాయర్లలో సగానికి పైగా ఆయిల్ రాతిలోనే ఉండిపోతుంది, సన్నటి రంధ్రాల్లో కేపిల్లరీ ఫోర్స్ దాన్ని వదలదు. సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) ఆ పట్టు సడలిస్తుంది, నీళ్లలో కరిగిన సీఓ2 ఆయిల్‌లోకి పోయి దాన్ని ఉబ్బించి పల్చబరుస్తుంది. ఈ రెండూ కలిపి కోర్ ఫ్లడ్, అంటే కోర్ అనే గుండ్రటి రాతి ముక్కలోంచి ద్రవాల్ని తోసి చూసే ప్రయోగం, హైదరాబాద్‌లో ల్యాబ్‌లో చేద్దామనుకునే ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్ల కోసం రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. బ్రైన్‌కి, అంటే ఉప్పునీళ్లకి, మన బోర్ నీళ్లు అస్సలు వాడొద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే ఎస్‌డీఎస్ (సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్) తెల్లగా విరిగి కోర్ మొహం మూసేస్తుంది, డీఐ వాటర్‌లో (అయాన్లు తీసేసిన శుద్ధమైన నీళ్లలో) లెక్క ప్రకారం ఉప్పు మీరే కలుపుకోండి. ఎస్‌డీఎస్ సీఎంసీ (సర్ఫాక్టెంట్ అణువులు గుంపులు కట్టడం మొదలుపెట్టే గాఢత) మామూలు నీళ్లలో లీటరుకి 2.3 గ్రాములు, ఉప్పుంటే ఇంకా తగ్గుతుంది, కానీ రాయి కొంత పీల్చుకుంటుంది కాబట్టి సీఎంసీ కంటే కాస్త పైనే పెట్టుకోండి. ఇసుకరాయికి ఎస్‌డీఎస్ లాంటి యానయానిక్ (నెగటివ్ ఛార్జ్ ఉన్నది), సున్నపురాయికి సీటాబ్ లాంటి కాటయానిక్ (పాజిటివ్ ఛార్జ్ ఉన్నది) సర్ఫాక్టెంట్ అయితే పీల్చుకోవడం తక్కువ.

కోర్‌ని టొలీన్‌తో కడిగి, ఆరబెట్టి, తూకం వేసి, వాక్యూమ్‌లో బ్రైన్ పట్టించి మళ్లీ తూకం వేస్తే పోర్ వాల్యూమ్ (రాతి రంధ్రాల మొత్తం ఖాళీ) వచ్చేస్తుంది. ఒకటిన్నర అంగుళం డయా, 3 అంగుళాల పొడుగు, 20 శాతం పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) అయితే అది దాదాపు 17 ఎంఎల్ మాత్రమే, కాబట్టి ట్యూబింగ్‌లో డెడ్ వాల్యూమ్ (గొట్టాల్లో నిలిచిపోయే ద్రవం) లెక్కలోంచి తీసేయకపోతే రిజల్ట్ మొత్తం తప్పుతుంది. తర్వాత ఆయిల్ ఎక్కించి, రాతికి ఆయిల్ పట్టేలా కొన్నాళ్లు ఏజింగ్‌కి వదిలి, ఆయిల్ రావడం ఆగేదాకా మామూలు బ్రైన్‌తో ఫ్లడ్ చేయండి.

ఇప్పుడు అసలు పని. సర్ఫాక్టెంట్‌ని ముందే బ్రైన్‌లో కరిగించి అక్యుములేటర్‌లో (ప్రెషర్ తట్టుకునే స్టీల్ పాత్రలో) పోసి, 40 బార్ దగ్గర సీఓ2 ఇస్తూ మెల్లగా ఊపుతూ ఉండండి, ప్రెషర్ తగ్గడం పూర్తిగా ఆగితేనే నీళ్లలో సీఓ2 పూర్తిగా నిండినట్టు. నురగ పైనే ఉంటుంది, అందుకే కాసేపు కదపకుండా వదిలి కింది వాల్వ్ నించే తీసుకోండి. కోర్ బయటి చివర ప్రెషర్ పడిపోకుండా పట్టి ఉంచే బ్యాక్ ప్రెషర్ రెగ్యులేటర్ 60 బార్ మీద ఉండాలి, 40 కంటే కిందకి వెళ్లిందంటే మూత తీసిన గోళీసోడాలాగా గ్యాస్ కోర్‌లోనే బయటికొచ్చేస్తుంది, అప్పుడు మీరు చేస్తున్నది కార్బొనేటెడ్ వాటర్ ఫ్లడ్ కాదు, గ్యాస్ ఫ్లడ్. నా ఉద్దేశంలో మొత్తం ప్రయోగం ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది. కన్ఫైనింగ్ ప్రెషర్ (కోర్‌ని చుట్టూ బయటి నించి నొక్కే ప్రెషర్) కోర్ లోపలి ప్రెషర్‌కి ఇంకో 30 బార్ పైన పెట్టండి, పంప్ నిమిషానికి 0.1 ఎంఎల్ అంటే రాతిలో రోజుకి సుమారు 2 అడుగులు, అంతకన్నా తొందరపడొద్దు.

ఫిట్టింగులు రాణిగంజ్‌లో కొన్నా ప్రెషర్ రేటింగ్ చూసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి, ఈ నీళ్లు యాసిడ్ కాబట్టి మామూలు ఇనుము తినేస్తాయి. సీఓ2 సిలిండర్ మాత్రం ఎండలో ఉంచొద్దు ప్లీజ్, 31 డిగ్రీలు దాటితే లోపల లిక్విడ్ అనేదే ఉండదు, ప్రెషర్ జోరుగా పెరుగుతుంది, మన మే నెల గురించి చెప్పక్కర్లేదు కదా. తలుపులు మూసిన గదిలో లీకైతే ఊపిరాడదు కూడా.

కోర్ నించి బయటికొచ్చిన దాన్లో ఎమల్షన్ (ఆయిల్, నీళ్లు విడిపోకుండా కలిసిపోయిన మిశ్రమం) ఉంటుంది, గ్యాస్ పోయేదాకా ఆగి, సెంట్రిఫ్యూజ్ చేశాకే ఆయిల్ చదవండి. అలాగే సర్ఫాక్టెంట్ ఒక్కటే, కార్బొనేటెడ్ వాటర్ ఒక్కటే విడివిడిగా అదే రకం కోర్లలో రన్ చేయండి, లేకపోతే అదనంగా వచ్చిన ఆయిల్ దేనివల్ల వచ్చిందో ఎవరికీ చెప్పలేరు.