వైరల్ వెక్టర్లు, 4వ పాఠం: పట్టేదెంత, పెట్టేదెంత

ఈ వారం వెక్టర్ల తయారీలోకి దిగవలసి ఉంది. అయితే గత పాఠపు లెక్కకు అనంతపురం, కడప విద్యార్థులు పంపిన జవాబులు చూశాక దానిని వాయిదా వేస్తున్నాను. రక్తం గడ్డకట్టించే ఫాక్టర్ 8 ప్రొటీన్ జన్యువు (ఇది లోపిస్తే హీమోఫీలియా-ఎ) ఏఏవీలో, అంటే జన్యువును కణంలోకి మోసే వెక్టరుగా వాడే చిన్న వైరస్‌లో, పడుతుందా అని అడిగితే, కొందరు క్రోమోజోములోని 1,86,000 బేసులను చూసి అసాధ్యమన్నారు. వారు ఇంట్రాన్లను, అంటే ప్రొటీన్ సంకేతంలో చేరని మధ్య భాగాలను, మరిచారు, అంతే. ప్రొటీన్ పనికి అక్కరలేని బి-డొమైన్ అనే భాగాన్ని తీసేసిన రూపం 4,400 బేసులే కనుక 4,700లో హాయిగా ఇముడుతుందని ఎక్కువమంది రాశారు. అసలు చిక్కు ఈ జవాబుతోనే.

4,700 అనేది మీ జన్యువుకు కేటాయించిన చోటు కాదు, వైరస్ సహజ జన్యుపదార్థపు మొత్తం పొడవు. వైరస్ సొంత జన్యువులైన రెప్, క్యాప్‌లను వేరే ప్లాస్మిడ్‌కు (వలయాకార డీఎన్ఏకు) మార్చినా, ప్రతికృతికీ కవచంలోకి చేరడానికీ అవసరమైన ఐటీఆర్‌లు అనే డీఎన్ఏ వరుసలు రెండు కొసలా ఉండి తీరాలి. ఒక్కొక్కటి 145 బేసులు. కర్నూలు ఉల్లి మార్కెట్టులో సంచి బరువు తీసేసి లెక్క కడతారు, ఇక్కడ సంచి బరువును కలిపి కట్టాలి. జన్యువును పని చేయించే సీఎంవీ (మరో వైరస్ నుంచి తీసిన) ఎన్‌హాన్సరు, ప్రమోటరు కలిసి సుమారు 600, ఆర్‌ఎన్‌ఏ ముగింపును తెలిపే పాలీ-ఏ సంకేతం సుమారు 225 బేసులు. జన్యువు 4,400తో, రెండు ఐటీఆర్‌లతో కూడితే 5,515. ఇంత పొడవైనది ప్యాకింగులో కొస తెగిపోతుంది, దిగుబడీ పడిపోతుంది. 2022లో ఐరోపాలో, 2023లో అమెరికాలో అనుమతి పొందిన హీమోఫీలియా-ఎ ఏఏవీ మందు రోక్టేవియన్‌లో కాలేయానికి సరిపడే అతిచిన్న ప్రమోటరునూ పొట్టి పాలీ-ఏనూ వాడినా, మొత్తం 5,000 దగ్గరకు వచ్చింది. నేనైతే కాగితం మీద 4,500 దాటిన నమూనాను పక్కన పెడతాను. మన పొరుగునున్న వెల్లూరు సీఎంసీ వైద్యులు ఇదే వ్యాధికి, ఎక్కువ చోటున్న లెంటివైరస్‌తో రక్త మూలకణాలను మార్చి, ఐదుగురిపై ఫలితాలను 2024లో ప్రచురించారు.

వంశపారంపర్య అంధత్వానికి సంబంధించిన ఆర్‌పీఈ65 జన్యువు (1,602 బేసులు) విషయంలో ఈ బాధ లేదు. వెన్నుపాము కండర క్షీణతకు సంబంధించిన ఎస్‌ఎంఎన్1 అయితే 885 బేసులే కనుక, డీఎన్ఏ రెండు పోగులనూ మోయడంతో సామర్థ్యం సగానికి తగ్గే స్వయంపూరక ఏఏవీలోనూ పడుతుంది, ఆ వ్యాధి మందు జోల్జెన్‌స్మా అటువంటిదే.

అభ్యాసం: వినికిడికి కావలసిన ఒటోఫెర్లిన్ ప్రొటీన్ కోడింగ్ భాగం 5,994 బేసులు. దీనిని రెండు ఏఏవీలుగా చీల్చండి. ముక్కలు కణంలో డీఎన్ఏగా కలవాలా, ప్రొటీన్‌లుగా కలవాలా అన్నది ముందు తేల్చుకుని, ప్రమోటరూ పాలీ-ఏ సంకేతమూ ఏ ముక్కకు కావాలో కారణంతో రాసి, రెండు వెక్టర్ల మొత్తం పొడవును ఐటీఆర్‌లతో సహా విడివిడిగా చూపండి.